పాద బహిర్గతి

ఇరవై తొమ్మిదేళ్ళు నర్సుగా పనిచేసిన డార్లీన్ పకెట్‌కు నర్సింగ్ పూర్తిగా రాదన్న సంగతి ఆసుపత్రివాళ్ళకు ఉన్నట్టుండి తెలిసింది. పాపం, అంతవరకూ ఎవరికీ అనుమానం రాలేదు. ఆ కెంటకీ కొండల్లో బొగ్గు గనుల్లోకి దిగిన మగవాళ్ళలో సగంమంది ఆమె వార్డులో దగ్గీ మూలిగీ తేరుకుని ఇళ్ళకు వెళ్ళారు, ఇంకొందరు ఆమె చెయ్యి పట్టుకునే కన్ను మూశారు. వాళ్ళెవరూ సర్టిఫికెట్ చూపించమనలేదు. ఇప్పుడు ఆసుపత్రికి ఒక బిళ్ళ మీద మోజు పుట్టింది. ఉత్తమ నర్సింగ్ సంస్థ అని ముఖద్వారం దగ్గర తగిలించుకునే ఇత్తడి బిళ్ళ. అది ఇచ్చేవాళ్ళు మే నెలలో తనిఖీకి వస్తున్నారు. అప్పటికి షిఫ్ట్ ఇన్‌చార్జిలందరికీ నాలుగేళ్ళ బీఎస్సీ ఉండాలట. డార్లీన్ చదివింది రెండేళ్ళ కోర్సు. ఏప్రిల్ ఆఖరులోగా మిగతాది ఆన్‌లైన్‌లో పూర్తిచేస్తే సరేసరి. లేదంటే పందొమ్మిదేళ్ళుగా తాను నడుపుతున్న నాలుగో అంతస్తులో, తాను పని నేర్పిన పిల్లల కింద పనిచేయాలి.

"అంత ఖర్మేం పట్టలేదు నాకు," అని డార్లీన్ పేరు నమోదు చేయించుకుంది.

వారానికి మూడు రోజులు పన్నెండేసి గంటల ఉద్యోగం. మిగిలిన నాలుగు రోజులూ వంటింటి బల్ల మీద లాప్‌టాప్, దాని పక్కన చల్లారిపోయిన కాఫీ. భర్త వెర్నన్ స్కూలు బస్సు నడుపుతాడు. బీన్స్ ఉడకబెట్టడం, మొక్కజొన్న రొట్టె మాడకుండా దించడం యాభై ఎనిమిదో ఏట నేర్చుకున్నాడు. భార్య చదువుకు ఆ ఇంట్లో వచ్చిన అసలైన ఫలితం అదొక్కటే.

ఆ చదువు వైభోగం కాస్త చెప్పుకోవాలి. పాఠం చెప్పేవాళ్ళెవరూ ఉండరు. బుధవారానికల్లా ఒక ప్రశ్నకు జవాబు రాసి అందరికీ కనబడేలా పెట్టాలి. ఆదివారానికల్లా తోటి విద్యార్థులు ఇద్దరు రాసినవాటికి స్పందన రాయాలి. ఒకరు రాసింది ఒకరు చదవాలన్న నియమం మాత్రం ఎక్కడా కనబడదు. ఊపిరాడక పోతున్న ఒక ముసలాయన కోసం, ఆయన పెంచుకున్న కుక్కను వెనక మెట్ల మీదుగా దొంగతనంగా వార్డులోకి తెచ్చిన రోజు గురించి డార్లీన్ ఒకసారి రాసింది. రాస్తుంటే ఆమెకే కళ్ళు చెమర్చాయి. మర్నాడు ఒరెగాన్ నుంచి ఒకావిడ స్పందించింది. "చాలా చక్కగా రాశారు డార్లీన్. మీ అభిప్రాయంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. చేతులు కడుక్కోవడం కూడా ఎంతో ముఖ్యం."

వెర్నన్ వెనక నిలబడి చదివాడు. "ఈవిడకి కుక్క కనబడలేదా ఏంటి?"

"ఆవిడకీ ఇద్దరి లెక్క కావాలిగా. ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచొచ్చి, చెప్పులైనా విప్పకుండా రాసి ఉంటుంది."

"నువ్వేం రాశావ్ ఆవిడకి?"

"ఏకీభవిస్తున్నానని," అంది డార్లీన్.

ఆ కుక్క వ్యాసానికి ప్రొఫెసర్ హాల్వర్సన్ పన్నెండు మార్కులు కోసేసింది. ఆవిడ ఎలా ఉంటుందో డార్లీన్ ఎరగదు, తెర మూల గోరంత ఫొటో తప్ప. కింద ఎర్ర అక్షరాల్లో ఒకే మాట. "వ్యక్తిగత అనుభవం ఆధారం కాదు. మూలం పేర్కొనండి." అంటే ఎవరి మాటైనా వాడుకోవచ్చు, పక్కన బ్రాకెట్‌లో వాళ్ళ పేరూ సంవత్సరమూ పడేస్తే చాలు. సొంత మాటకు బ్రాకెట్ దొరకదు కనుక అది చెల్లదు.

ఆఖరి పరీక్ష బదులు పదిహేను పేజీల ప్రాజెక్టు. మీ వార్డులో ఒక సమస్య తీసుకుని పరిష్కారం రాయండి అన్నారు. డార్లీన్‌కు ప్రాణం లేచొచ్చింది. నాలుగో అంతస్తు సమస్య ముసలివాళ్ళు మంచం దిగబోయి పడిపోవడం. ఒక్కసారి పడితే తుంటి ఎముక విరుగుతుంది, ఆ తర్వాత చాలామంది ఇంటికి వెళ్ళరు. దానికి పరిష్కారం ఆమె ఎప్పుడో రాసి, దుప్పట్ల బీరువా తలుపుకు లోపలివైపు టేపుతో అంటించింది. కొత్తగా చేరిన ప్రతి నర్సునూ మొదటి రోజే ఆ బీరువా ముందు నిలబెట్టి చదివి వినిపిస్తుంది.

"మొహం అబద్ధం చెబుతుంది, పాదాలు చెప్పవు. దుప్పటి బయట పాదం కనబడిందంటే పెద్దాయన లేవబోతున్నాడు. బాత్‌రూముకి వెళ్ళాలా అని అడగొద్దు, వద్దంటాడు. పదండి, నేనూ అటే వెళ్తున్నా అనండి."

అంతే. ఆ నాలుగు ముక్కలతో ఆమె షిఫ్టులో మనుషులు పడటం దాదాపు ఆగిపోయింది. ప్రాజెక్టు మధ్యలో ఆ మాటల్నే పెట్టి, వాటి చుట్టూ పదిహేను పేజీలు అల్లింది. ఏప్రిల్ పదిన పంపించి, ఆ రోజు వెర్నన్‌కు సెలవిచ్చి తనే వంట చేసింది.

వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. దొంగరాతల్ని పట్టే యంత్రం ఒకటి ఉందట. అది ఆమె ప్రాజెక్టును వాసన చూసి, గుండెకాయలాంటి వాక్యాలు ప్రచురితమైన ఒక వ్యాసం నుంచి అక్షరం పొల్లుపోకుండా ఎత్తినవని తేల్చిందట. ఆ వ్యాసం పేరు "శయ్యాగత వృద్ధ రోగులలో పాద బహిర్గతి: పతన పూర్వసూచికగా దాని ప్రాముఖ్యంపై పరిశీలనాత్మక అధ్యయనం". రాసినవారు డాక్టర్ కెండ్రా విట్‌లాక్, 2019.

కెండ్రా విట్‌లాక్ అంటే నాలుగో అంతస్తు మేనేజరు. డార్లీన్ బీరువా ముందు నిలబెట్టిన పిల్లల్లో ఒకతె. సూది గుచ్చాల్సి వస్తే చెమటలు పట్టేవి ఆ పిల్లకు. మూడేళ్ళకు వార్డు వదిలేసి పైచదువులు చదివి, పేరు ముందు డాక్టర్ తగిలించుకుని మేనేజరుగా తిరిగొచ్చింది. ఆ వ్యాసాన్ని అద్దం కట్టించి లిఫ్టు పక్కన వేలాడదీసింది కూడా. శీర్షిక పూర్తయ్యేలోగా లిఫ్టు వచ్చేస్తుంది కాబట్టి అయిదేళ్ళుగా దాన్నెవరూ చదవలేదు. డార్లీన్ ఆ ఉదయం రెండు లిఫ్టులు పోనిచ్చి చదివింది. మూడో పేరాలో ఆమె నాలుగు ముక్కలూ ఉన్నాయి, కామాలతో సహా. ముందు మాత్రం "సదరు వార్డులో ప్రచారంలో ఉన్న వాక్యాలు" అని ఉంది. అదేదో జలుబు ప్రచారంలో ఉన్నట్టు. డార్లీన్‌కు ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం లాప్‌టాప్ తెర మీద ప్రొఫెసర్ హాల్వర్సన్ మొదటిసారి పూర్తి సైజులో కనబడింది.

"అవి నా మాటలేనండీ. నేనే రాశాను," అంది డార్లీన్.

"ఎక్కడ ప్రచురించారు?"

"దుప్పట్ల బీరువా తలుపు మీద."

"అది ఏ పత్రికండీ?"

హాల్వర్సన్ మంచిగానే చెప్పింది. రెండు దారులున్నాయి. మూలం ఇవ్వడం మరిచానని సంతకం పెట్టి, బ్రాకెట్లు చేర్చి మళ్ళీ పంపితే ఈ నెలలోనే పాసవుతుంది. కాదు, నావేనంటే విచారణ సంఘం కూర్చుంటుంది, ఎనిమిది వారాలు పడుతుంది. "లేదా డాక్టర్ విట్‌లాక్ రెండు లైన్లు రాసిచ్చినా చాలు," అంది.

డార్లీన్ మర్నాడు తిన్నగా మేనేజరు గదికి వెళ్ళింది. కెండ్రా విని నిజంగానే తెల్లబోయింది.

"ఆ కాగితం మీరు రాసిందా? నేను చేరినప్పటికే ఉంది కదా. ఎప్పుడూ ఉండేదే అనుకున్నా."

"నీకు చదివి వినిపించిందెవరు?"

"మీరే. చదివారు గానీ రాశానని చెప్పలేదుగా."

"ఇప్పుడు చెప్తున్నా. రెండు లైన్లు రాసివ్వు, చాలు."

కెండ్రా కుర్చీలో ముందుకు జరిగింది. "రాస్తే పత్రికవాళ్ళకీ తెలియజేయాలి. వాళ్ళు సవరణ వేస్తారు. వచ్చే నెల తనిఖీలో మనం చూపించే మొదటి కాగితమే అది. ఇది మీ ఒక్కరి సంగతి కాదు డార్లీన్, అందరిదీ." తర్వాత ఎంతో దయగా, "నా పేరు బ్రాకెట్‌లో పెట్టేసుకోండి. నేనేం అనుకోను," అంది.

ఇంటికొచ్చి చెబితే వెర్నన్ రొట్టె ముక్క నోటిదాకా తెచ్చి ఆపాడు. "మీ అమ్మ పోలికలు నీకున్నాయిగా. మొహానికి కూడా ఒక బ్రాకెట్ పెట్టించుకో."

"నవ్వించకు వెర్నన్. ఏడుపొస్తోంది నాకు," అంది డార్లీన్.

నిజంగానే ఏడిచింది, గిన్నెలు తోముతూ. పంతానికి పోతే వార్డు పోతుంది. వార్డు పోతే ఆ తలుపు తీసి కొత్తవాళ్ళకు చదివి వినిపించేది ఎవరు? శనివారం పొద్దున్నే కూర్చుని సంతకం పెట్టింది. తన మాటల వెంట ఎక్కడికక్కడ విట్‌లాక్ 2019, విట్‌లాక్ 2019 అని చేర్చుకుంటూ పోయింది. పేజీ నిండా విట్‌లాకులే. తొంభై ఆరు మార్కులొచ్చాయి. "మూలాలను చక్కగా వాడారు. ఈ విషయంలో డాక్టర్ విట్‌లాక్ కృషిని బాగా అర్థం చేసుకున్నారు," అని హాల్వర్సన్ మెచ్చుకుంది.

ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన డిగ్రీ ఈమెయిల్లో దిగింది. వార్డులో కేకు కోశారు, కెండ్రా చప్పట్లు కొట్టింది. డార్లీన్ తన ముక్క తిని, వేళ్ళకంటిన క్రీము తుడుచుకుని, నల్ల మార్కర్ పట్టుకుని దుప్పట్ల బీరువా దగ్గరికి వెళ్ళింది. పాత కాగితం మీద ఆఖరి వాక్యం పక్కన, చదువు నేర్పిన పద్ధతిలోనే, (విట్‌లాక్, 2019) అని గుండ్రంగా రాసింది.

మేలో తనిఖీవాళ్ళు వచ్చారు. నాలుగో అంతస్తుకు వచ్చినావిడ పేరు ఐరిస్ గాల్‌బ్రెయిత్. అరవై దాటిన మనిషి. నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడిన తీరు చూస్తే ఒకప్పుడు మంచాల మీది మనుషుల్ని ఎత్తిన నడుమేనని డార్లీన్‌కు అర్థమైపోయింది. కెండ్రా ఆవిణ్ని లిఫ్టు పక్కన అద్దం దగ్గర నిలబెట్టాలని చూసింది. ఆవిడ ఆగలేదు. నాలుగు వందల పన్నెండో గది ఎదురుగా ఉన్న దుప్పట్ల బీరువా తెరిచి, తలుపు లోపలిది పైకి చదివింది. చదివి మళ్ళీ మొదటి వాక్యానికి వెళ్ళింది.

"ఇదెవరు రాశారు?"

"అది నా అధ్యయనానికి..." అంటూ కెండ్రా ఎదురుగది గుమ్మంలోంచే మొదలుపెట్టింది.

"ఈవిణ్ని అడుగుతున్నా," అంది ఐరిస్.

"విట్‌లాక్, రెండువేల పంతొమ్మిది," అంది డార్లీన్ పాఠం అప్పజెప్పినట్టు. "పక్కనే ఉందండీ."

కాగితం కింది మూల టేపు ఊడిపోయి వేలాడుతోంది. ఐరిస్ వేలితో పైకెత్తింది. వెనక వైపు ఆసుపత్రి క్యాంటీన్ అచ్చువేసిన థ్యాంక్స్‌గివింగ్ పండగ భోజనం పట్టీ ఉంది. టర్కీ మాంసం, గ్రేవీ, గుమ్మడికాయ తీపి రొట్టె. తేదీ 2008 నవంబరు 27.

"డాక్టర్ విట్‌లాక్, అప్పుడు మీరిక్కడే ఉన్నారా?"

"లేదండీ, హైస్కూల్లో ఉన్నాను."

ఐరిస్ డార్లీన్ వైపు తిరిగింది. "మరి ఇదెవరిదమ్మా?"

"వ్యక్తిగత అనుభవం ఆధారం కాదండీ. పన్నెండు మార్కులు పోగొట్టుకుని నేర్చుకున్నా."

కెండ్రా మొహం ఎర్రబడింది. కంగారులో ఆమె మాట వేగం పెంచింది. అసలు విషయం వాక్యాలు ఎవరివన్నది కాదని, పాద బహిర్గతిని శాస్త్రీయంగా నిరూపించడమని, దుప్పటి సరిహద్దుకు పాదం ఎంత వెలుపల ఉంటే ప్రమాదం ఎంత శాతమో తానే మొదట లెక్కగట్టానని చేతులు తిప్పుతూ చెబుతోంది. ఆమె వీపు నాలుగు వందల పన్నెండో గది వైపు ఉంది. లోపల హోబర్ట్ స్టిడమ్, ఎనభై మూడేళ్ళ గని మనిషి, గోడ వైపు మొహం పెట్టుకుని నిద్ర నటిస్తున్నాడు. దుప్పటి చివర పసుపుపచ్చ మేజోడు ఒకటి మెల్లగా బయటికొచ్చింది. దాని వెనకే రెండోది.

డార్లీన్ కెండ్రాను దాటుకుని అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది.

"పదండి స్టిడమ్ గారూ, నేనూ అటే వెళ్తున్నా."

"నాకేం అవసరం లేదు," అంది ముసలి గొంతు.

"నాకుంది లెండి. కాస్త తోడు రండి."

మంచం కిర్రుమంది. నాలుగు కాళ్ళు నెమ్మదిగా బాత్‌రూము వైపు నడిచిన చప్పుడు వినిపించింది. అది ఆగేదాకా ఐరిస్ చెవి అటే పెట్టి వింది.

"గుమ్మంలో ఉన్నది మీరే కదా," అంది తర్వాత కెండ్రాతో. "ఆ పాదం మీకు కనబడలేదా?"

"నేను దాని గురించే మాట్లాడుతున్నానండీ," అంది కెండ్రా.

ఐరిస్ పెన్ను తీసి ఆ కాగితం మీది బ్రాకెట్‌ను అడ్డంగా కొట్టేసింది. తర్వాత తన పుస్తకం తెరిచింది.

"లోపలున్న ఆవిడ ఇంటిపేరు స్పెల్లింగ్ చెప్పండి," అంది. "మీరే చెప్పండి, నేను రాసుకుంటాను."