వాన్ డెల్డెన్ల గుర్రం

పొయ్యి మీద బంగాళాదుంపలు ఉడుకుతుండగా ఈనిడ్ గోడమీంచి తోలుపట్టీ దించి నూనె రాయడం మొదలుపెట్టింది. పెళ్ళయిన ఏడాది అత్తగారు అప్పగించిన పని, పదహారేళ్ళుగా ప్రతి ఏప్రిల్లోనూ చేస్తున్నదే. జానెడు వెడల్పు తోలు, దానికో ఇత్తడి బకిల్. అది బ్రామ్ పట్టీ. బ్రామ్ అంటే ఈ వంశం గుర్రం. నూరేళ్ళ కిందట హాలెండు కాలవల్లో మూలపురుషుడు గెరిట్ చుక్కాని దగ్గర కూర్చుంటే, గట్టు మీద నడుస్తూ పడవని లాగింది అదే. ఒక చలికాలం అది గట్టు మీదే కూలబడి చచ్చిపోతే గెరిట్ మూడు రోజులు తిండి ముట్టకుండా ఏడ్చాడట. ఆ తర్వాతే పిల్లల్ని పడవలో వేసుకుని సముద్రం దాటి ఈ ఎసెక్స్ తీరానికి వచ్చాడట.

ఈసారి పట్టీ మరింత మెరవాలి. శనివారం రేవులో వాన్ డెల్డెన్ల సరుకు పడవలకి, అంటే బార్జీలకి, నూరేళ్ళ పండగ. బల్ల మీద పట్టీ, దాని పక్కన భర్త హ్యూబర్ట్ రాసిన వంశచరిత్ర. రాయడమంటే, ఆయన పైపు కాలుస్తూ చెప్పాడు, ఈనిడ్ మూడు నెలలు టైపు కొట్టింది. మధ్యాహ్నానికల్లా కాగితాలు అచ్చాఫీసుకి చేరాలి.

పుస్తకంలో బ్రామ్‌కి మూడు పేజీలున్నాయి. దాని కళ్ళు, దాని ఓర్పు, యజమాని మనసెరిగి నడవడం. గెరిట్ భార్యకి ఒక్క మాట కూడా లేదు. సరే, ఎప్పటివాళ్ళో అనుకుని ఊరుకుంది. పొద్దున ఆఖరి అధ్యాయం చెబుతూ హ్యూబర్ట్ అన్నాడు: "యుద్ధం అయిన దగ్గర్నుంచి పద్నాలుగేళ్ళు హ్యూబర్ట్ వాన్ డెల్డెన్ బార్జిని ఒంటిచేత్తో నడిపాడు." ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"ఒంటిచేత్తోనా? మరి రెండో చెయ్యి ఎవరిది?"

"నువ్వు వంటకి వచ్చేదానివి కదా ఈనిడ్. అదీ పుస్తకంలో రాస్తారా ఎవరైనా?" అని నవ్వి, కాఫీ చల్లారిపోయిందన్నాడు.

వంటకట! తూర్పుగాలి కొట్టిన రోజుల్లో ఆయన లోపల గుర్రు పెడుతుంటే చుక్కాని ఎవరు పట్టారు? పక్కచెక్కలు ఎత్తే గిలక ఎవరు తిప్పారు? ఆ చెక్కలు దింపకపోతే బార్జి పక్కకి కొట్టుకుపోతుంది, లోతు లేని చోట దింపి ఉంచితే ఇసుకలో దిగబడుతుంది. రేవుగోడ కనిపించగానే మాత్రం "నువ్వు లోపలికెళ్ళు, టీ పెట్టు" అనేవాడు. గట్టు మీద మగవాళ్ళ ముందు చుక్కాని ఆయన చేతిలోనే ఉండాలి. పద్నాలుగేళ్ళూ ప్రతి రేవులోనూ ఆమె కెటిల్ పట్టుకుని నిచ్చెన దిగింది. కడుపుతో ఉండి, ఏడో నెలలో గిలక పిడి జారి కడుపులో తగిలిన రోజునా దిగింది. పిల్ల చచ్చి పుట్టింది. సిమెంటు బస్తాలతో వెళ్ళిన ఆ ప్రయాణం కూడా పుస్తకంలో ఉంది. నలభయ్యో పేజీ. "ఎంత తుఫానులోనైనా సిమెంటు ఒక్క పూట ఆలస్యం కాలేదు." ఆ వాక్యాన్ని టైపు కొట్టింది తనే. పైగా తప్పు రాకుండా రెండోసారి చదివి మరీ కొట్టింది. అందుకే ఆయన మీదకన్నా తన మీద ఎక్కువ ఒళ్ళు మండింది.

ఆ మంటలో పట్టీని గట్టిగా రుద్దుతుంటే బకిల్ రంధ్రాలకి వేలు తగిలింది. వరసగా తీర్చినట్టున్నవి ఐదు. ఆ తర్వాత మేకుతో పొడిచినవి నాలుగు, వంకరటింకరగా, పట్టీ వదులు కావడానికి. గుర్రం నెల నెలా లావెక్కుతుందా? లోపలివైపు చెమటకి నల్లబడిన మచ్చ భుజం దగ్గర మొదలై రొమ్ము దాకా ఏటవాలుగా ఉంది. పదహారేళ్ళు పైపై మెరుపే చూసింది గాని ఇది చూడలేదు. లేచి నిలబడి పట్టీని భుజంమీంచి అడ్డంగా వేసుకుని బకిల్ పెట్టుకుంది.

కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

కిటికీ దగ్గర బఠానీలు ఒలుస్తున్న అత్తగారు ఏడా తలెత్తి చూసింది.

"నాకూ సరిపోయింది" అంది.

"మీకు తెలుసా అత్తయ్యా?"

"హ్యూబర్ట్ కడుపులో ఉన్నప్పుడు వేసుకు చూశా. మీ మామగారు చూసి, మళ్ళీ ముట్టుకుంటే ఊరుకోనన్నారు. బైబిలు తీసి వెనక అట్ట చూడు. చదువు వచ్చినదానివి కదా."

వెనక అట్ట లోపల వెలిసిన సిరాతో పుట్టిన పిల్లల పేర్లు, చావులు ఉన్నాయి. డచ్చి రాకపోయినా పేర్లకీ తేదీలకీ భాష అక్కర్లేదు. నీల్ట్యె, గెరిట్ భార్య. ముప్ఫై నాలుగేళ్ళు. పోయింది, బ్రామ్ చచ్చిపోయిందన్న ఆ చలికాలమే. ఆ పేజీలో గుర్రం ఊసు ఎక్కడా లేదు. మూడు రోజులు ఏడ్చిన ఆ ఏడుపు నిజమే అయి ఉంటుంది. తర్వాత ఎవరికో సిగ్గనిపించి, పడవ లాగిన ఆవిణ్ణి గుర్రాన్ని చేశారు.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"అడిగినవాళ్ళెవరు?" అంది ఏడా. "బంగాళాదుంపలు నేను చూసుకుంటాలే. నువ్వెళ్ళి టైపు కొట్టు."

ఈనిడ్ పట్టీ విప్పకుండానే టైపు మిషను ముందు కూర్చుంది. బ్రామ్ పేజీలు మూడూ మళ్ళీ కొట్టింది. కళ్ళూ, ఓర్పూ, గట్టు మీద కూలబడటం అన్నీ అలాగే ఉంచింది. పేరు మార్చింది, ఎవరి భార్యో రాసింది, మేకు రంధ్రాల సంగతి ఒక వాక్యం చేర్చింది. తర్వాత నలభయ్యో పేజీ తీసి, సిమెంటు వాక్యం కింద, ఆ ప్రయాణంలో ఏం పోయిందో రాసింది. ఆఖరి అధ్యాయంలో ఒంటిచేత్తో అన్న మాట తీసేసి మళ్ళీ కొట్టింది.

పన్నెండు కావస్తుండగా హ్యూబర్ట్ వచ్చి, కూర్చోకుండానే ఆఖరి కాగితం మీద సంతకం గీకాడు. చదవలేదు. ఆమె కొట్టినదాన్ని ఆయన ఏనాడూ చదవలేదు. చుక్కాని ఆమె చేతిలో పెట్టి నిద్రపోయేంత నమ్మకం ఆయనది. తలెత్తాక గాని పట్టీ కనపడలేదు.

"అదేమిటి ఆ వేషం? బ్రామ్ పట్టీ నీ ఒంటి మీదెందుకు? అన్నీ నేను చెప్పినట్టే కొట్టావా?"

ఈనిడ్ కాగితాలు సంచిలో పెట్టి, పట్టీ పైనుంచే కోటు తొడుక్కుంది.

"గుర్రానికి దాని అసలు పేరు పెట్టాను" అంది తలుపు తీస్తూ. "నీ రెండో చేతికి కూడా."