ఎముకల మిల్లు ముందు ఆట

ఆమెని ఎముకలు మోసే గోనెపట్టా మీదే మోసుకొచ్చారు. మిల్లు గేటు దాటించి, రోడ్డు పక్కన మురుక్కాలవ గట్టున పడుకోబెట్టారు. సూపర్వైజరు రుమాలుతో చేతులు తుడుచుకుని, మోసినవాళ్లతో అన్నాడు: "రోడ్డు మీద లారీ తగిలింది. మిల్లులో ఏం జరగలేదు. అర్థమైందా?"

ఆమె కుడిచెయ్యి మోచేతి దాకా లేదు.

ఎదురుగా ఉన్న కుట్టుమిషను షాపు నాదే. మిషను మీదున్న గుడ్డ చించి ఆ చేతికి కట్టింది నేనే. "నీకెందుకమ్మా, నీ కుట్టుపని నువ్వు చూసుకో" అని, సూపర్వైజరు ఆ రుమాలు జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

చచ్చిన పశువుల ఎముకలు లారీల్లో వస్తాయి. పై వీధి మగాళ్లు దింపుతారు. కింది వీధి ఆడవాళ్లు ఉడకబెట్టి, గీకి, ఎరువుకి పొడి చేసే మరలో పోస్తారు. ఆ వాసన జుట్టుకి పడితే ఏ సబ్బుకీ వదలదు. పై వీధివాళ్లు ముందునుంచీ ఉన్నవాళ్లు. కింది వీధివాళ్లు పొట్ట చేతబట్టుకుని వచ్చి ఇరవై ఏళ్లయినా ఇంకా "వచ్చినోళ్లే". మధ్యలో మిల్లు నడిపే కాంట్రాక్టరు వేయించిన ముళ్లకంచె. కంపు రెండు వైపులా ఒకటే. అయినా ఒకళ్లనొకళ్లు కంపుగాళ్లని తిట్టుకునేవాళ్లు.

లారీ కథ ఎవరూ నమ్మలేదు. సాయంత్రానికల్లా కాంట్రాక్టరు కింది వీధికొచ్చి, "పిల్ల చెయ్యి లోపలుండగా పై వీధి లోడింగువాడే మర స్విచ్చి వేశాడు. మీరంటే వాడికి పడదుగా" అన్నాడు. అదే నోటితో పై వీధికెళ్లి, "వాళ్లు మీ మీదకి వస్తున్నారు, జాగ్రత్త" అన్నాడు. రాళ్లు లేచాయి. ఇటు ఇద్దరికీ అటు ఒకడికీ తలలు పగిలాయి. మిల్లు మాత్రం ఒక్క పూట కూడా ఆగలేదు.

మా వీధినాటక బృందంలో అయిదుగురం. ఉద్యోగం ఊడిన మాస్టారు, ఆటో నడిపే తమ్ముడు, గోడల పెయింటరు, ఆసుపత్రిలో ఆయాగా చేసే పిన్ని, దుస్తులు కుట్టడానికొచ్చి వేషాలు కూడా వేసే నేను. కంచె దగ్గర మొదటి ఆట ఆడాం. అందులో ఇద్దరు అన్నదమ్ములు కొట్టుకుని, చివరికి కావలించుకుంటారు.

కింది వీధి ముసలమ్మ లేచింది. "ఏమయ్యా మాస్టారూ! మా పిల్లకి చెయ్యి పోయింది. నన్ను పోయి ఎవణ్ణి కావలించుకోమంటావు?"

పై వీధి నుంచి ఒక చెప్పు వచ్చి మాస్టారి ఛాతీకి తగిలింది. ఆయన దాన్ని తీసి పక్కన పెట్టాడు. "మనం నీతులు చెప్పాం. జరిగింది అడగనే లేదు" అన్నాడు సిగ్గుపడుతూ.

ఆ తర్వాత పది రోజులు రెండు వీధుల్లోనూ గడప గడపకీ తిరిగాం. చెయ్యి పోయినామె చెల్లెలు చెప్పింది: "మరలో ఎముక ఇరుక్కుంది. మర ఆపేశా, చెయ్యి పెట్టి తియ్యమని సూపర్వైజరే అక్కతో అన్నాడు. స్విచ్చి గదిలో ఎవరున్నారో మాకు కనబడదు."

లోడింగతను చెప్పాడు: "స్విచ్చి గది గుమ్మంలో నేనున్నా. లారీకి ఆలస్యమవుతోందని తిట్టుకుంటూ వచ్చి సూపర్వైజరే వేశాడు. మర దగ్గర మనిషుందని నాకేం తెలుసు?"

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు? రాళ్లేశారు గానీ అడగలేదు."

మేం చెబితే ఎవరూ నమ్మరు. వాళ్లిద్దరే ఆటలో నిలబడాలి. "వాడి పక్కనా? ఛీ!" అంది చెల్లెలు. "నా పని పోతుంది" అన్నాడు అతను. ఆ మాట వినగానే ఆమె విరుచుకుపడింది. "నీకు పని పోతుందని భయం. మా అక్కకి చెయ్యే పోయింది!" "వస్తాను" అన్నాడు అతను. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ వచ్చారు.

మిల్లు గేటు ముందు తాడు కట్టాం. ఇటు మర, అటు స్విచ్చి గది. పిన్నిది చెయ్యి పోయినామె వేషం. సూపర్వైజరు వేషం నాది. ఆ మనిషిని ఒంటి మీద వేసుకోవడానికి రోత పుట్టింది. అయినా వేశాను. చెల్లెలు తను చూసింది చెప్పింది. తాడుకి అవతల నుంచి లోడింగతను తను చూసింది చెప్పాడు.

ముసలమ్మ తాడు దాటి అతని దగ్గరికెళ్లింది.

"నువ్వు వెయ్యలేదా?"

"లేదమ్మా. నా బిడ్డల మీద ఒట్టు."

"అయితే మీవాడి తల మేం ఊరికే పగలగొట్టాం."

"మేమూ తక్కువ తిన్లేదులే" అన్నాడు తలకి కట్టుతో కూర్చున్న పై వీధి మనిషి. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతోనే రెండు వీధులవాళ్లూ లేచి, చేతులకి గోనెలు చుట్టుకుని కంచె పీకడం మొదలుపెట్టారు.

పోలీసులు కాంట్రాక్టరు జీపులోనే వచ్చారు. వాళ్లకి సిగ్గన్నది ఉంటే కనీసం వేరే బండి దొరికేది. మాస్టారినీ లోడింగతన్నీ ఎక్కించుకుపోయారు.

సోమవారం రెండు వీధుల్లో ఒక్కరూ పనిలోకి వెళ్లలేదు. మూడో రోజుకి గేటు కింద నుంచి పురుగులు పాక్కుంటూ రోడ్డు మీదకొచ్చాయి. కాంట్రాక్టరు ముక్కు మూసుకున్నాడు. ఇన్నేళ్లకి!

నాలుగో రోజు పొద్దున లారీ వచ్చింది. ఎముకలు కాదు, మనుషులు. నలభై మంది దాకా, ఒళ్లో మూటలు. మాట తీరు వేరు, యాస వేరు. "వచ్చినోళ్లు!" అని అరిచారెవరో. మళ్లీ రాళ్లు లేచాయి. ఈసారి రెండు వీధులవీ కలిసే లేచాయి. మా వాళ్ల మీదే నాకు అసహ్యం వేసింది.

ముసలమ్మ లారీకి అడ్డంగా నిలబడింది. "కింద పడేయండ్రా! నేనూ ఇలాంటి లారీలోంచే దిగాను." పైకి చూసి అడిగింది: "ఏం పనని తెచ్చారమ్మా మిమ్మల్ని?"

"బిస్కెట్ల ఫ్యాక్టరీ అన్నారు" అంది ఒకావిడ, కొంగుతో ముక్కు నొక్కుకుంటూ.

"దిగండి. దిగి కూర్చోండి."

మళ్లీ ఆటకి చెల్లెలు తాడు కట్టింది. లోడింగతను జైల్లో ఉన్నాడు. తలకి కట్టున్న మనిషి గమ్మున లేచొచ్చి అతని చోట నిలబడ్డాడు. గేటు లోపల నుంచి సూపర్వైజరు బూతులు తిడుతున్నాడు. పిన్ని మరలోకి చెయ్యి చాచింది.

వీధి చివర కాంట్రాక్టరు జీపు కనబడింది. ఎవరూ లేవలేదు. కొత్తగా వచ్చినవాళ్లు కూడా లేవలేదు.