బోణీ దస్తీ

ఉప్పలమ్మ మగ్గం అమ్మి రంగుల దుకాణం పెట్టింది. చౌటుప్పల్ పద్మశాలీల వాడలో ఈ మాట విని నోరు తెరవనివాళ్లు లేరు. తాతలనాటి మగ్గం ఎవరైనా అమ్ముకుంటారా అని కొందరు మూతి ముడిచారు కూడా. వాళ్లకేం, మోకాళ్లు వాళ్లవి కావుగదా! భర్త పోయినప్పటి నుంచి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేసి నేసి, ఆమె మోకాళ్లు ఇక మావల్ల కాదని మొరాయించాయి. రంగుల దుకాణమైతే పీట మీద కూర్చుని బతకొచ్చు. అది సాగకపోతే సావుకారు షెడ్డులో కూలినేత ఒక్కటే దిక్కు. అక్కడా గుంటే.

డబ్బాలు తెచ్చి ముచ్చటగా పేర్చింది. తీరా చూస్తే దుకాణానికి నంబరు కావాలట. అమ్మకం పన్ను దఫ్తరు వాళ్లు నంబరిస్తేనే పట్నం సేటు ఇంకో డబ్బా పంపుతాడట. దరఖాస్తులు రాసే ఐలేశం ఆమె పేరున ఒకటి రాసి నల్గొండకు పంపాడు. అంతటితో ఊరుకోక భయం కూడా పెట్టాడు.

"ఉప్పలమ్మక్కా, నంబరు రాకముందు చిటికెడు రంగమ్మినా జుర్మానా ఏస్తరు. ఎవలడిగినా అమ్మనని చెప్పు. జర యాది పెట్టుకో."

యాది పెట్టుకోవడంలో ఉప్పలమ్మను మించినవాళ్లు లేరు. వాడలోవాళ్లు వస్తే "నంబరు రానీయి బిడ్డా" అని పంపేసేది. ఊరికే కూర్చోలేక పొద్దున్నే పొయ్యి మీద రంగు కాచి, నమూనా కోసం రెండు నూలు చిలపలు ముంచి వాకిట్లో ఆరేసేది.

ఒకనాడు తెల్లవారగానే తెల్ల చొక్కా పెద్దమనిషి ఒకాయన వాకిట్లో సైకిలు దిగాడు. మాటను బట్టి కోస్తా వైపు మనిషి.

"ఏమ్మా, ఇక్కడ రంగులు అమ్ముతారా?"

ఉప్పలమ్మ డబ్బాలకు అడ్డంగా జరిగింది. గిట్టనివాళ్లెవరో తనను పట్టించడానికే పంపారనుకుంది.

"లేదు సారూ. మేమేం అమ్మం."

"మరి ఈ డబ్బాలన్నీ ఏమిటి?"

"ఊకెనే. చూసుకుందామని పెట్టుకున్న."

"చూసుకోవడానికా?"

"చూస్తే పానం నిమ్మలంగ ఉంటది సారూ."

ఆయన డబ్బాలను ఒకసారి, ఆమెను ఒకసారి చూసి, తల పంకించి వెనుదిరిగాడు. అప్పుడు మొదలైంది ఉప్పలమ్మకు అసలు బాధ. పొద్దున్నే గడపకొచ్చిన మొదటి మనిషిని ఉత్తచేతులతో పంపితే ఇక ఆ దుకాణం కలిసిరాదు. ఇది ఆమెకు తల్లి చెప్పింది, అత్తా చెప్పింది. అమ్మితే జుర్మానా, పంపేస్తే అరిష్టం!

"సారూ, జర ఆగుండ్రి. మీ దస్తీ ఇయ్యుండ్రి."

ఎందుకని ఆయన అడిగేలోపే, చెమట తుడుచుకుంటున్న తెల్ల దస్తీని లాక్కుని కాగుతున్న ఎర్రరంగులో ముంచేసింది. ఆయన లబోదిబోమంటుండగానే తీసి, జాడించి, పిండి చేతిలో పెట్టింది.

"పైసలొద్దు. ఇది అమ్మింది కాదు, ఊకె ఇచ్చింది. గంతే."

పాపం, ఆ పెద్దమనిషి తడి దస్తీని సైకిలు హ్యాండిలుకు కట్టుకుని పోయాడు.

కొన్నాళ్లకు ఐలేశం మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"అక్కా, నంబరు ఇయ్యం అన్నరు. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసిండట. ఈడ యాపారమే లేదని రాసిండట."

"నా దిక్కు ఏ ఇన్‌స్పెక్టరొచ్చిండు?" అంటూనే ఉప్పలమ్మ నాలుక కరుచుకుంది. "ఓయమ్మా, గా సైకిలాయన! అమ్మనని నేనే చెప్పి పంపిన. నువ్వే గద చెప్పుమన్నవు!"

"ఊరోళ్లకు చెప్పుమన్న గని, దఫ్తరోళ్లకు గూడ చెప్పుమన్ననా?"

ఉప్పలమ్మ మరునాడే నల్గొండ బస్సెక్కింది. దారి పొడుగునా సావుకారు షెడ్డు, అందులోని గుంట కళ్లముందే ఉన్నాయి.

దఫ్తరులో ఇన్‌స్పెక్టరు ఆమెను చూసి కుర్చీలోంచి లేచినంత పనిచేశాడు. మెడ చుట్టూ అదే దస్తీ, ఎర్రగా నిగనిగలాడుతోంది.

"అమ్మనన్నావు కదమ్మా!"

"నంబరు లేకుంట ఎట్ల అమ్ముత సారూ? అమ్మితే జుర్మానా అంటిరి, అమ్మకుంటే యాపారం లేదంటిరి. నడిమిట్ల నన్నేం జెయ్యమంటరు? ఉన్న మగ్గం అమ్ముకున్న. ఇగ గుంటల దిగుదమంటే నా కాళ్లల్ల సత్తువ లేదు."

నవ్వబోయిన ఇన్‌స్పెక్టరు ఆగిపోయాడు. దస్తీ తీసి బల్ల మీద పరిచాడు.

"మా ఆవిడ దీన్ని ఉతికీ ఉతికీ అలిసిపోయింది, రంగు మాత్రం చుక్క దిగలేదు. ఎక్కడ కొన్నారని ఆఫీసంతా అడుగుతున్నారు. కొనలేదంటే ఒక్కడూ నమ్మడే!"

దస్తీ, ఆమె దరఖాస్తు రెండూ పట్టుకుని పెద్దసారు గదిలోకి వెళ్లాడు. మధ్యాహ్నం దాటాక పిలిచి నంబరు కాగితం చేతిలో పెట్టాడు. ఉప్పలమ్మ దాన్ని కొంగున ముడేసుకుని, దండం పెట్టి, గుమ్మం దాకా పోయి వెనక్కొచ్చింది.

"సారూ, ఇప్పుడు నాకు నంబరున్నట్టే గద?"

"ఉన్నట్టే."

"ఇగ అమ్ముకోవచ్చు గద?"

"నిక్షేపంగా."

ఉప్పలమ్మ చెయ్యి చాపింది.

"అయితే గా దస్తీ పైసలియ్యుండ్రి. బోణీ మీదే."

దఫ్తరంతా గొల్లుమంది. ఇన్‌స్పెక్టరు నవ్వుతూనే జేబులోంచి పావలా తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని కళ్లకద్దుకుని, నంబరు కాగితం పక్కనే ముడేసింది. బస్టాండు దాకా ఎండలో నడిచిందా, దారిలో ఒక్కసారైనా మోకాళ్లు గుర్తుకు రాలేదు.