రింగులో పడ్డ తువ్వాలు
విజయనగరం బాక్సింగ్ పోటీల్లో, ఆఖరి రౌండులో యమున గెలుస్తోంది. కోచ్ మురళీమోహన్ ఫోన్ మాట్లాడ్డానికి బయటికెళ్తూ, రింగు పక్కన ఆమె వైపు మూలలో ఉన్న తన కుర్చీలో ఆమె తండ్రి నరసింగరావుని కూర్చోబెట్టాడు. ఎడ్ల పందెంలో తన జోడీ ముందుంటే విసిరినట్టే, ఆయన సంబరంగా భుజం మీది తువ్వాలు విసిరాడు. అది రింగులో పడింది. బాక్సింగులో కోచ్ కుర్చీ నుంచి అలా పడితే ఓటమి ఒప్పుకున్నట్టే. రిఫరీ ఆట ఆపి అవతలి పిల్ల చెయ్యెత్తాడు.

"గెలుత్తన్నావనే ఇసిరినానమ్మా," అన్నాడు తండ్రి బిక్కచచ్చిపోయి.

మురళీమోహన్ నవ్వుతూ వచ్చాడు. "ఎడ్ల పందెం అనుకున్నావేటి మావా?"

యమున గ్లవ్స్ విప్పకుండానే అతనికి అడ్డం నిలబడింది.

"నవ్వకండి సార్. తువ్వాలు పడితే ఓటమని మాకు రోజూ సెప్తారు. ఆ కుర్సీలో కూకోబెట్టినప్పుడు మా నాన్నకెందుకు సెప్పలేదు? పదండి, తప్పు మీదేనని రిఫరీకి మీరే సెప్పండి."