బొంత లోపలి చీర

ఆ రోజు కూడా నీళ్ల ట్యాంకరు రాలేదు. ఇంట్లో ఉన్న నాలుగు బిందెల్లో రెండు దానిమ్మ తొక్కలు ఉడికే గుండిగలోకే పోయాయి. మిగిలిన రెండూ గొర్రెలకు పొయ్యాలా, మనం తాగాలా అని ఓబులప్ప తన పెండ్లాం రామాంజినమ్మను అడిగాడు. ఆమె పొయ్యి ముందు నిలబడి వెదురు కట్టెతో గుడ్డను తిప్పుతూనే ఉంది. తిప్పడం ఆపితే రంగు ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా పడుతుంది. అలా పడితే బొంతలు అమ్మే ఉష ఊరుకోదు. కొనేవాళ్లకు మాత్రం ఆ మరకలే అందమని చెప్పి అమ్ముకుంటుంది, తనకు పెద్దమ్మయ్యే రామాంజినమ్మ దగ్గర కూలి కోస్తుంది.

పుంగనూరుకు ఆనుకున్న ఆ మెట్ట పల్లెలో వానలుంటే వేరుశనగ, లేకుంటే గొర్రెలు. రెండూ చాలని రోజుల్లో ఆడవాళ్లకు సూది. కరక్కాయ నీళ్లలో నానిన తెల్ల గుడ్డను దానిమ్మ తొక్కల్లో ఉడికిస్తే పసుపు వస్తుంది. దాన్నే తుప్పు నీళ్లలో ముంచితే వాన మబ్బు రంగు. తొక్కలను బస్టాండు దగ్గరి జ్యూసు అంగళ్లవాళ్లు ఒకప్పుడు ఊరికే ఇచ్చేవాళ్లు. ఈ గుడ్డతో కుట్టే బొంతలను హార్స్‌లీ హిల్స్ దారిలో కార్లలో వచ్చేవాళ్లు కొంటున్నారని తెలిసినాక వాళ్లూ బస్తాకు నలభై రూపాయలు అడుగుతున్నారు. పారేసే తొక్కకు కూడా ధర పెరిగింది. కుట్టే చేతికే పెరగలేదు.

ఉష రామాంజినమ్మ చెల్లెలి కూతురు. బడి సెలవులన్నీ ఈ ఇంట్లోనే గడిపి, పెద్దమ్మ ఒళ్లో కూర్చుని సూది పట్టడం నేర్చుకుంది. డిగ్రీ చదివి, పెళ్లయి మదనపల్లె చేరి, కొండకు పోయే రోడ్డు మీద 'అవ్వ చీర' అని బోర్డు పెట్టి అంగడి తెరిచింది. ఆ రోజు రామాంజినమ్మ ఊరంతా తిరిగి చక్కెర పంచింది.

పుట్టిన బిడ్డకు ఆ ఇంట్లో పోయిన పెద్దావిడ కట్టి కట్టి మెత్తబడిన చీరలతో బొంత కుట్టడం ఆ పల్లెల్లో ఆచారం. పైనా కిందా రంగు గుడ్డ, లోపల మడతలు పరిచిన చీరలు. లోపలి చీర ఎవరిదో బయటికి తెలియాలి గదా. అందుకని ఆ చీర అంచులోంచి అరచేయంత ముక్క తీసి ఒక మూలన పైకి కనిపించేలా కుడతారు. ఆ ముక్కను గుర్తు అంటారు. పడుకోబెట్టేటప్పుడు బిడ్డ తలను గుర్తు ఉన్న వైపే ఉంచుతారు. పోయిన మనిషి బిడ్డ తల దగ్గర కూర్చున్నట్టు.

ఒకప్పుడు చీర ఉతకడం నుంచి చివరి కుట్టు దాకా ఒకే చేతి మీద జరిగేది. ఉష వచ్చి పనిని విడగొట్టింది. పల్లెల్లో పోగయిన చీరలన్నీ అంగడికి పంపాలి. అక్కడ కూలికి వచ్చే ఆడపిల్లలు పొరలు పరిచి, పై గుడ్డ కప్పి, పెద్ద కుట్లతో నిలిపి, గుర్తు వేసి పంపుతారు. రామాంజినమ్మ, ఆమె వెంట ఊళ్లో ఇంకొందరు ఆడవాళ్లు పై గుడ్డకు రంగు వేసి పంపి, తిరిగొచ్చినదానికి సన్న కుట్టు మాత్రం కుట్టాలి. బొంతకు కూలి నాలుగు వందల యాభై. అంగట్లో దానికి వేలాడే చీటీ మీద మూడు వేల ఎనిమిది వందలు ఉంటుంది. ఇంటి బిడ్డకని చుట్టుపక్కల వాళ్లు తెచ్చిచ్చే చీరలు కూడా అదే దారిన పోయి వచ్చేవి. పని తొందరగా అవుతుందని ఉష చెప్పింది. నా బిడ్డే కదా అని రామాంజినమ్మ ఒప్పుకుంది.

పొద్దు నడినెత్తికి వచ్చిన వేళకు అమరావతి వచ్చింది. కుప్పం మనిషి. అక్కడి మార్కెట్లో టమోటా, బీన్సు గంపలకెత్తుకుని అమ్ముతుంది. తల్లి పోయినాక ఆమె చీరలు రెండు తెచ్చి, కూతురి కాన్పుకు బొంత కావాలని రామాంజినమ్మ చేతిలో పెట్టింది. కాన్పు అయింది, బొంతా తీసుకుపోయింది. బిడ్డ కబురు చెప్పడానికి వచ్చిందేమోనని రామాంజినమ్మ చాప వేసింది. అమరావతి కూర్చోలేదు. చంకలోని సంచిని చాప మీద బోర్లించింది.

పడింది బొంతే. ఒక పక్క కుట్లు ఊడదీసి ఉన్నాయి. సందులోంచి బనియన్ల ఫ్యాక్టరీ కత్తిరింపులు బయటికి వేలాడుతున్నాయి. ఎర్రవి, నీలంవి, సగం తెగిన ఇంగ్లీషు అక్షరాలున్నవి. జారుడు ప్లాస్టిక్కులాంటి గుడ్డ. చీరపోగు ఒక్కటి లేదు.

అమరావతి అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. బిడ్డ వీపంతా పొక్కిపోయిందని చెప్పింది. ఆస్పత్రిలో కింద ఏం పరుస్తున్నారని అడిగితే, మా అమ్మ చీరల బొంత మీద పండబెడితే ఎందుకు పొక్కుతుందని తానే వాళ్లతో పోట్లాడిందట. ఇంటికొచ్చి ఉతికితే బొంత నీళ్లు తాగలేదట. అప్పుడు విప్పిందట.

"మా అమ్మ చీర యాడుండాదక్కా?" అంది.

రామాంజినమ్మ చూపు ముందుగా మూలకే పోయింది. గుర్తు అలాగే ఉంది. ముదురు ఆకుపచ్చ మీద రుద్రాక్ష అంచు. ఆ చీర మడత విప్పి చేత్తో నిమిరి తీసుకున్నది తానే.

"అంచు ఉండాది కదమ్మా," అంది.

"అంచే ఉండాది. అరసెయ్యంత అంచు మీద బిడ్డ పండుకుంటాదా?" అమరావతి కళ్లు తుడుచుకుంది. "నీ సేతికిస్తినక్కా. ఇంకెవురికీ ఈలేదు."

రామాంజినమ్మకు ఒక్కసారిగా తన బొటనవేలు గుర్తొచ్చింది. పాత నూలు చీరలో సూది ఇట్టే దూరిపోతుంది. ఈ మధ్య కొన్నాళ్లుగా బొంతల్లో కిర్రుమని పట్టుకునేది. వేలు పగిలి నెత్తురు వచ్చేది. ఆమె సూదిని తలలో రుద్ది నూనె పట్టించింది. సూదులు మార్చింది. తుప్పు సూదులు అంటగట్టాడని పుంగనూరు అంగడివాణ్ని నోరారా తిట్టి కూడా వచ్చింది. గుడ్డను మాత్రం ఒక్కనాడూ అనుమానించలేదు. మూలన గుర్తు ఉంది గదా. గుర్తు పైన పెట్టి లోపల ఇంకోటి పరచవచ్చునన్న ఆలోచన ఆ పల్లెల్లో దొంగలకు కూడా వచ్చి ఉండదు.

మదనపల్లెకు ఇప్పుడే పోవాలని ఆమె అంటే ఓబులప్పకు మాటలు పుట్టుకొచ్చాయి. రంగు సగంలో ఉందన్నాడు. గుడ్డ పాడైతే ఉష గమ్మునుండదన్నాడు. రేపు ఫోన్ చేసి అడుగుదామన్నాడు. అంగళ్లన్నాక అటూ ఇటూ మారిపోవడం మామూలేనన్నాడు. గొర్రెలతో తప్ప మనుషులతో పెద్దగా మాట్లాడని మనిషి అన్ని మాటలు ఎందుకు మాట్లాడుతున్నాడో ఆమె అప్పుడు గమనించలేదు. పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, తాగే బిందెలోంచి చెంబుడు నీళ్లు నిప్పుల మీద పోసింది. గుడ్డ గుండిగలోనే ఉండిపోయింది.

బస్సులో ముగ్గురూ మూడు చోట్ల కూర్చున్నారు.

ఉష అంగట్లో చల్లగా ఉంది. అగరొత్తుల వాసన. గోడలకు బొంతలు, బొంతల పక్కన రామాంజినమ్మ ఫోటో, చేతిలో సూది. ముగ్గురినీ చూసి ఉష నవ్వింది. బెంగుళూరు వాళ్లు కొండ మీద ఉన్నారని, దిగేటప్పుడు అంగడికి వస్తారని, పెద్దమ్మకు ఫోన్ చేయబోతుంటే పెద్దమ్మే వచ్చిందని సంబరపడింది. అలాంటివాళ్లు వచ్చినప్పుడు రామాంజినమ్మను చాప మీద కూర్చోబెట్టి కుట్టించడం అలవాటు. ఇది ఎవరి చీరమ్మా అని వాళ్లు అడుగుతారు. మా అమ్మలది, మా అవ్వలది అని ఆమె చెబుతుంది. ఉష దాన్ని ఇంగ్లీషులో చెబుతుంది. వాళ్లు ఫోటో తీసుకుంటారు.

అమరావతి సంచి విప్పి చూపించింది. ఉష నవ్వు మెల్లగా తగ్గింది గానీ ముఖం మాడలేదు. ముగ్గురికీ నీళ్లు తెచ్చిచ్చింది. పిల్లకు లెక్క చెప్పినట్టు నిదానంగా చెప్పింది. కట్టి మెత్తబడిన నూలు చీరలకు బెంగుళూరులో ఎక్కడలేని గిరాకీ ఉందట. స్కార్ఫులు, సంచులు, దిండు గలీబులు ఏవి కుట్టినా నిలవడం లేదట. అలాంటి చీరను తీసుకుపోయి బొంత కడుపులో దాచేస్తే చూసేదెవరు? ఫ్యాక్టరీ కత్తిరింపులు కిలోల లెక్కన చవగ్గా దొరుకుతాయి. బొంత బొంతే, చీర చీరే.

"మోసం యాడుండాది పెద్దమ్మా? గుర్తు ఏస్తానే ఉండాం కదా," అంది.

ఈలోగా అమరావతి అలమర దగ్గరికి పోయింది. అక్కడ వరసగా పేర్చిన దిండు గలీబుల్లోంచి ఆకుపచ్చది ఒకటి లాగింది. గలీబు నడుమ పాత చిరుగుకు వేసిన చిన్న రఫూ కుట్టు ఉంది. దాని మీద వేలు పెట్టి అట్లే నిలబడింది. వాళ్లమ్మ వేసుకున్న కుట్టు కాబోలు. గలీబును ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ వాసన వచ్చిందో, వెంటనే దించేసింది.

డబ్బులేం వద్దు, తీసుకుపొండి అంది ఉష. ఇంకో చీర ఏదని అమరావతి అడిగితే అది అమ్ముడైపోయిందని చెప్పింది.

"నన్నొక మాట అడక్కపోతివా ఉషా," అంది రామాంజినమ్మ. "నీకు సూది పట్టుకొనేది నేర్పించినదాన్ని."

"అడిగితే ఒప్పుకుంటావా?" ఉష గొంతులో మొదటిసారి విసుగు వినిపించింది. "నీకే తెలీదుగానీ పెదనాయనకు తెలుసు. కత్తిరింపుల మూటలు ఆటోలోంచి దించింది ఎవురనుకుంటివి?"

ఓబులప్ప గడప బయట చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు. తల కూడా ఎత్తలేదు.

"నీకు సెప్తే నువ్వు కుట్టవు," అన్నాడు అక్కణ్నించే. "నువ్వు కుట్టకుంటే ఏం తినేది సెప్పు."

అంతే. పోనీ, ఒక్కసారి తిట్టు అన్నట్టు నిలబడ్డాడు. ఆమె తిట్టలేదు. పొద్దుగూకులూ పక్కనే కూర్చుని, పగిలిన వేలికి పసుపు అద్ది గుడ్డపీలిక కట్టింది ఈ మనిషే. కట్టేటప్పుడు నోట్లో ఏం పెట్టుకుని కూర్చున్నాడు? ఉష చేసింది అంగడివాళ్ల పని. అంగడి పెట్టినాక నా బిడ్డ అనుకోవడం తన తప్పు. ఈయనదేంటి? అమరావతి ముఖం చూడ్డానికి ఇప్పుడు ఆమెకు కళ్లు లేవడం లేదు. ఎన్ని ఊళ్ల ఆడవాళ్లు, పోయిన తల్లి చీర మడత పెట్టి, తన చేతిలో పెట్టి దండం పెట్టుకుని పోయారు. ఆ బొంతలన్నీ ఇప్పుడు ఏ బిడ్డల కింద ఉన్నాయో.

బయట తెల్ల కారు ఆగింది. ఉష గబగబా చాప పరిచింది. అమరావతి తెచ్చిన బొంతను కాలితో బల్ల కిందికి తోసింది. పోయినసారి పెద్దమ్మే సగం కుట్టి వదిలిన ఇంకో బొంత తెచ్చి, రామాంజినమ్మ భుజం పట్టి కూర్చోబెట్టి ఒళ్లో పెట్టింది. సూదిలో దారం కూడా తానే ఎక్కించింది.

"ఈ ఒక్కపూట పెద్దమ్మా. పెద్ద ఆర్డరు. ఊళ్లో ఆడోళ్లంతా నీ ఎనకాలే ఉండారు, ఈ పని పోతే వాళ్లకేం సెప్తావు? రేపు కూర్చొని మాట్లాడుకుందాం," అంది చెవి దగ్గర.

అదీ అబద్ధం కాదు. తనతోపాటు కుట్టే మునెమ్మ కొడుకు ఫీజు, పక్కింటామె బీపీ మాత్రలు, అన్నీ ఈ సూది మీదే నడుస్తున్నాయి. రామాంజినమ్మ సూది అందుకుంది.

వచ్చినవాళ్లలో జుట్టు నెరిసిన ఒకావిడ చెప్పులు బయట విడిచి, చాప పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. మంచి మనిషిలా ఉంది. బొంత మీద చెయ్యి వేసి ఆ చెయ్యి అక్కడే ఉంచి ఏదో అడిగింది.

"ఇందులో ఎవురి చీర ఉండాదని అడుగుతాండారు పెద్దమ్మా," అంది ఉష.

అమరావతి తలుపు దగ్గర ఆకుపచ్చ గలీబు పట్టుకుని నిలబడే ఉంది. ఓబులప్ప బయట బీడీ వెలిగించాడు. రామాంజినమ్మ ఆ నెరిసిన జుట్టావిడ వైపు చూసింది. తర్వాత ఉష వైపు చూసింది.

"నువ్వే సెప్పు," అంది.

సూదిని గుడ్డలోకి దించలేదు. దాని మొనతో తన పాత కుట్టును పైకి లేపి, దారాన్ని పళ్లతో తెంపింది. రెండోది లేపింది.

ఉష ఒక్క క్షణం తడబడింది. వెంటనే నవ్వుతూ ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో రామాంజినమ్మకు అర్థం కాలేదు. ఆ ఆవిడకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని తలూపింది. ఫోన్ తీసి, రామాంజినమ్మ చేతులకు దగ్గరగా పట్టుకుంది.

రామాంజినమ్మ తల ఎత్తలేదు. మూడో కుట్టు లేపింది, నాలుగోది లేపింది. లాగుతూ ఉంటే దారం వస్తూనే ఉంది. పై గుడ్డకూ కింది గుడ్డకూ మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు తెరుచుకుంది. ఫోన్ ఇంకా కొంచెం దగ్గరికి జరిగింది.