నీడతో అల్లిన వల

పొద్దు పొడవగానే పిచ్చమ్మ పడమటి ముఖంగా ఇసకలో కూచుని నూలు తీసేది. అప్పుడైతే నీడ పొడుగ్గా పడుతుంది, గిట్టుబాటవుతుంది. తన నీడ అంచును వేళ్ళతో పట్టి లాగి, తొడమీద పేని, కండెకు చుట్టేది. జువ్వలదిన్నెలో ఆ దారిన పోయే ఆడవాళ్ళు ఆగి, "ఇంకాస్త సన్నంగా పేను వదినా" అని చెప్పి పోయేవాళ్ళు. సలహాలకు ఆ ఊళ్ళో ఏనాడూ కరువు లేదు.

కరువల్లా నూలుకే. డాలర్లు లేవని ఢిల్లీవాళ్ళు నైలాన్ దిగుమతి బిగించేశారు. వచ్చిన కాస్తా కావలి డిపోలో పర్మిట్ మీద ఇస్తారు. పాత వల అప్పగిస్తే, అదెంత తూగితే అంత నూలు. పిచ్చమ్మ మొగుడు కిందటేడు వలలో చిక్కుకుని మునిగిపోయాడు. మనిషిని తీసుకున్న వలను ఆ ఊళ్ళో గడప తొక్కనివ్వరు. మూడోనాడే సముద్రానికి వదిలేశారు. ఆ మాట చెబితే డిపోలో నవ్వారు.

వల లేకపోతే కొడుకు కామాక్షయ్య గూడూరు పోయి అభ్రకం గనిలో దిగాలి. అలా దిగిన మేనల్లుళ్ళిద్దరూ దగ్గి దగ్గి పోయారు. పిచ్చమ్మకు ఆ దగ్గు ఇంకా చెవుల్లోనే ఉంది.

"చాల్లేమ్మా, నీ నీడ మోకాళ్ళ కాడికొచ్చేసింది" అన్నాడు కామాక్షయ్య ఒకనాడు.

"నాకిప్పుడు నీడతో ఏం పని అబ్బయా? ఆ కండె ఇట్టా అందుకో."

నెలన్నరకు వల పూర్తయింది. కామాక్షయ్య దాన్ని చంకన పెట్టుకుని తల్లితో కావలి నడిచాడు. దూదంత బరువైనా లేదు. తూగదేమోనని దారంతా భయపడ్డాడు. కాటామీద వేస్తే ముప్పై ఎనిమిది కేజీలు. పిచ్చమ్మ కూడా అంతే ఉంటుంది.

స్టోర్ కీపరు పద్మనాభయ్య వలను తడిమి, "ఇంత నల్లగా ఉందే! తుమ్మచెక్క రసం బాగా పట్టించారు" అని మెచ్చుకుని నూలిప్పించాడు. వలను పెరట్లో పాత వలల గుట్టమీద పడేశారు. ఎవరో కిరసనాయిలు డబ్బా తెచ్చారు.

"ఏం చేస్తా ఉండారయ్యా?" అడిగాడు కామాక్షయ్య.

"కాల్చేస్తాం. లేకపోతే మీరు ఇదే వల మళ్ళీ పట్టుకొస్తారు" అన్నాడు పద్మనాభయ్య.

కామాక్షయ్య నూలు కింద పెట్టేశాడు. "నాకొద్దు సార్. మా వల మాకిచ్చేయండి."

"ఎత్తుకో" అంది పిచ్చమ్మ.

"అమ్మా..."

"ఎత్తుకోమంటుండానా! గనిలో దిగి నువ్వు దగ్గతా ఉంటే నేను చూళ్ళేను." కొడుకు చెంప నిమిరి, వెళ్ళి గోడవార ఎండలో కూచుంది. "కానీండయ్యా" అంది.

అగ్గిపుల్ల గీశారు. గుట్ట కాలి చల్లారేసరికి గోడవార పిచ్చమ్మ చీర ఒక్కటే ఉంది. పద్మనాభయ్య తర్వాతి పేరు పిలిచాడు.

కామాక్షయ్య ఆ చీరను తలకు చుట్టుకుని, నూలు భుజానికెత్తుకుని, ఏడుస్తూ ఇంటిదారి పట్టాడు. మధ్యలో రెండుచోట్ల అలసిపోయి దించాడు. రెండుసార్లూ ముందు నేలమీద చీర పరిచి, దెబ్బ తగలకుండా మెల్లగా దించాడు.