మొదటి రోజు కళ్ళగంత

“లైటరు ఇలా ఇవ్వండత్తయ్యగారూ” అని హైమవతి అడగడం అది మూడోసారి.

“ఇవ్వను. యాభై ఏళ్ళుగా ఈ ఇంట్లో కాఫీ పెట్టినదాన్ని. నాకు పొయ్యి ఎక్కడుందో తెలియదా?”

“పొయ్యి తెలుసండీ. కొంగు ఎక్కడ వేలాడుతోందో తెలియదని నా భయం.”

“కాఫీ నేను పెట్టి తెస్తాగా నాయనమ్మా” అని మనవరాలు మేదిని.

“ఇచ్చెయ్యమ్మా. ఇంతమందిమి ఉండి చూపులేని మనిషి చేత పని చేయిస్తున్నామని మాటొస్తుంది” అని కొడుకు పాండురంగారావు.

“ఓహో, మీకు మాటొస్తుందనా!” సుభద్రమ్మ లైటరును గట్టు మీద ఠప్పున పెట్టి, గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

ఇదంతా పొయ్యిగట్టు కింది సొరుగులోంచి విన్నాను. నేను ఒక నల్లని కళ్ళగంతను. కట్టుకున్నవాళ్ళ చూపు ఆపడమే నా ఉద్యోగం కనుక, నాకు వినడం బాగా అలవాటు.

నేను పుట్టింది వికలాంగులకు పని నేర్పి ఉపాధి చూపించే ఒక పునరావాస కేంద్రంలో. అయితే నన్ను కుట్టించింది వాళ్ళ కోసం కాదు, వాళ్ళకు నేర్పే సిబ్బంది కోసం. ఆ సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి ప్రభుత్వం గ్రాంటు మంజూరు చేసిన మొదటి ఏడాది, కుట్టు విభాగంలో జలజ అనే అమ్మాయి ఒంటికాలితో మిషను తొక్కుతూ రెండు పొరల నల్ల పాప్లిన్‌తో మమ్మల్ని కుట్టింది. స్టాకు రిజిస్టరులో నాది పద్నాలుగో నంబరు. సర్కారు సొత్తునన్న గర్వం నాకు చాలాకాలం ఉండేది.

హైమవతి అక్కడ శిక్షకురాలు. కోర్సు ముప్పై రోజులు. అందులో మొదటి రోజు నాది. పొద్దుట నన్ను కట్టుకున్నవాళ్ళు సాయంత్రం దాకా విప్పకూడదు. పెద్ద డిగ్రీలు చదివినవాళ్ళు కుండలోంచి గ్లాసెడు నీళ్ళు ముంచుకోలేక ఒళ్ళంతా తడుపుకునేవాళ్ళు. విప్పేసరికి నేనూ తడిసి ఉండేదాన్ని, వాళ్ళ కన్నీళ్ళతో.

“అమ్మో, వీళ్ళెలా బతుకుతున్నారండీ!” అనేవాళ్ళు.

“ఇవాళ మీకు తెలిసింది చూపు పోయిన మొదటి పూట సంగతి. మూడో ఏడు ఎలా ఉంటుందో రేపట్నుంచి వాళ్ళనే అడుగుదాం” అనేది హైమవతి.

మిగతా ఇరవై తొమ్మిది రోజులూ చూపులేనివాళ్ళే వచ్చి నేర్పేవాళ్ళు. పాలు పొంగడం ఎలా వినాలో, నాలుక కొసతో సూదిలోకి దారం ఎలా ఎక్కించాలో, రంపం కింద వేళ్ళు ఎక్కడ ఉంచాలో. నేను పెట్టిన భయం రోజుకింత కరిగిపోయేది. అది నాకప్పుడు అర్థం కాలేదు. అసలు పాఠం నేనేననుకునేదాన్ని.

కొన్నేళ్ళకు తనిఖీకి ఒక అధికారి వచ్చాడు.

“ఈ ట్రైనింగు వికలాంగులకా మేడమ్, మీ స్టాఫుకా?”

“స్టాఫుకండీ.”

“స్టాఫంటే పని వచ్చినవాళ్ళే కదా! మళ్ళీ నేర్పడమేంటి?”

“వాళ్ళకు వచ్చింది జాలిపడటమండీ. అది పోగొట్టడానికే నెల పడుతుంది.”

ఆవిడేదో చమత్కారం చేసిందనుకుని ఆయన నవ్వాడు. మరుసటి ఏడాది గ్రాంటుకు కోతపడి ముప్పై రోజులు మూడయ్యాయి. మొదటి రోజు నేను. రెండో రోజు ఉపన్యాసాలు. మూడో రోజు సర్టిఫికెట్లు, గ్రూపు ఫోటో. నన్ను మాత్రం తీసెయ్యలేదు. నాకు ఖర్చు లేదు, పైగా ఫోటోల్లో బాగా పడతాను.

ఆ మూడు రోజుల బ్యాచిలో కరుణాకర్ అనే ఉద్యోగి నన్ను కట్టుకున్నాడు. వేడి టీ చేతి మీద ఒలికి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ భయంతోనే సర్టిఫికెట్టు పుచ్చుకుని వెళ్ళాడు. ఆర్నెల్లకు అతని దగ్గరికి ఏసోబు అనే సైకిలు మెకానిక్కు వచ్చాడు. ప్రమాదంలో చూపు పోయింది కానీ, చక్రం తిప్పి చప్పుడు విని వంకర ఎక్కడుందో చెప్పగల మనిషి. మళ్ళీ తన కొట్లో తను కూర్చోవడానికి కాస్త సాయం అడిగాడు. కరుణాకర్‌కు తన చెయ్యి కాలిన రోజు గుర్తొచ్చింది. “పనిముట్ల వద్ద ప్రమాదం. పింఛనుకు సిఫారసు” అని రాశాడు. ఏసోబు ఇంట్లోవాళ్ళు కొట్టు అమ్మేశారు.

హైమవతి చూడబోతే ఏసోబు అరుగు మీద ఊరికే కూర్చుని ఉన్నాడట. తిరిగొచ్చి జలజతో చెబుతుంటే విన్నాను. “ఆ సారు మంచోడేనమ్మా. నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. పని చేసి చూపిస్తానంటే మాత్రం చెయ్యనీలేదు” అన్నాడట.

ఆ ఏడుపు నేను నేర్పిందే. తర్వాతి పాఠం చెప్పడం నాకు చేతకాదు.

ఆపైన గ్రాంటు పూర్తిగా ఆగింది, హైమవతి ఉద్యోగమూ పోయింది. నా తోటివాళ్ళు బల్లలు తుడిచే గుడ్డలయ్యారు. నన్ను సంచిలో వేసుకుని ఆవిడ ఇంటికి తెచ్చింది. ఆదివారం మధ్యాహ్నాలు పాండురంగారావు నన్ను కట్టుకుని గురకపెడతాడు. నా సర్వీసు మొత్తంలో నన్ను కట్టుకుని భయపడని మనిషి ఆయనొక్కడే.

ఈలోగా సుభద్రమ్మకు నీటికాసులు ముదిరి చూపు పోయింది. ఏడాదిగా ఆవిడను వంటింట్లోకి రానివ్వడం లేదు. ఊరందరికీ గరిటె లాక్కోవద్దని చెప్పిన హైమవతే ఇంట్లో లైటరు లాక్కుంటోంది. పరాయివాళ్ళ దగ్గర గుర్తున్న పాఠం ఇంటి మనిషి దగ్గర ఎందుకు మరిచిపోతారో, ఈ మనుషుల సంగతి నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ పోట్లాట జరిగిన రోజే మధ్యాహ్నం మూడు గంటలకు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, సుభద్రమ్మ వంటింట్లోకి వచ్చింది. ఆదివారం తప్ప రోజూ వస్తుంది. అది నాకూ ఆవిడకూ మధ్య రహస్యం. కొంగు బిగించి దోపుకున్నట్టు గాజులు గలగలమన్నాయి. పాలగిన్నెలో చిన్న చెంచా వేసింది. పాలు కాగగానే అది గిన్నెకు కొట్టుకుని చెబుతుంది. మా కోర్సులో అది పందొమ్మిదో రోజు పాఠం. ఆవిడకు ఎవరూ నేర్పలేదు.

అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. ఇప్పుడు తను పాఠాలు చెప్పే ట్యూషను సెంటరుకు సెలవిచ్చారేమో, వచ్చింది హైమవతి. రెండడుగులు గబగబా వంటింటి వైపు పడ్డాయి. గడప దగ్గర ఆగిపోయాయి. నాకు నోరుంటే అరిచేదాన్ని, ముందుకు రావద్దని. చెంచా గలగలలాడింది. పొయ్యి ఆగింది. కాఫీ గ్లాసుల్లోకి దిగింది, ఒక్క బొట్టు గట్టు మీద పడలేదు.

“ఎంతసేపలా నిలబడతావే? నీక్కూడా కలిపాను” అంది సుభద్రమ్మ.

“ఎన్నాళ్ళ నుంచండీ?” అంది హైమవతి.

“మీరు మాన్పించిన మర్నాటి నుంచి. దొంగతనంగా తాగే కాఫీ ఎంత చక్కగా కుదిరినా దొంగ కాఫీయేనే. అందుకే పొద్దున మీ అందరి ముందూ పెడదామనుకున్నా.”

హైమవతి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది.

సాయంత్రం అందరూ ఉప్మా పళ్ళాల ముందు కూర్చున్నారు.

“రేపట్నుంచి పొద్దుటి కాఫీ అత్తయ్యగారు పెడతారు” అంది హైమవతి, పచ్చడి వడ్డిస్తూ.

“చెయ్యి కాలితేనో?” అన్నాడు పాండురంగారావు.

“మందు రాద్దాం. నాకు కాలినప్పుడు వంట మాన్పించారా?” హైమవతి గొంతు పెంచలేదు. “కాఫీ పెట్టేటప్పుడు ఆవిడ పిలిస్తే తప్ప మనమెవరం వంటింట్లోకి వెళ్ళొద్దు. ఏడాది కిందటే చెప్పాల్సిన మాట ఇది. నేనే చెప్పలేకపోయాను.”